మగవారిలో రొమ్ముల పెరుగుదల: కారణం తేలాకే ఆపరేషన్ మాట

సారాంశం: మగవారి ఛాతీ ఉబ్బెత్తుగా కనిపించడానికి కొవ్వు చేరడం ఒక కారణమైతే, చనుమొన కింద ఉండే గ్రంథి కణజాలం పెరగడం మరొకటి. ఈ రెండో స్థితిని వైద్యులు గైనకోమాస్టియా అంటారు. యుక్తవయసులో వచ్చినది చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. మందుల వల్ల, స్టెరాయిడ్ల వల్ల, కాలేయ, థైరాయిడ్, వృషణ వ్యాధుల వల్ల వచ్చినప్పుడు ముందుగా ఆ మూలాన్ని పట్టుకోవాలి. వాపు మొదలై ఎన్నాళ్లయిందన్నదే చికిత్సను నిర్ణయించే ప్రధానాంశం.

ప్రకటనల్లో ఒకలా, వైద్యంలో ఒకలా

బెంగళూరులోని మారతహళ్లి, బెళ్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల పీజీ హాస్టళ్లలో ఉండే తెలుగు యువకులకు ఈ సమస్య గురించి ఇంట్లోవాళ్లతో చెప్పుకోవడం కష్టం, గదిలో ఉండేవాళ్లతో చెప్పుకోవడం మరింత కష్టం. అందుకే తొలి ప్రశ్న సాధారణంగా ఫోన్‌లోనే పుడుతుంది. ఒక్కసారి వెతికితే చాలు, మర్నాటి నుంచి ‘ఒక్కరోజులో ఇంటికి’, ‘మచ్చ కనపడదు’, ‘వాయిదాల్లో చెల్లించవచ్చు’ అనే ప్రకటనలు వరుస కడతాయి. వాటిలో గైనకోమాస్టియా అంటే కోసి తీసేయవలసిన అందవికారం తప్ప మరేమీ లేనట్టు కనిపిస్తుంది. వైద్యశాస్త్రం దీన్ని ముందుగా ఒక లక్షణంగా చూస్తుంది. జ్వరం వెనక ఏముందో వెతికినట్టే దీని వెనక ఏముందో వెతుకుతుంది. ఏమీ లేదని తేలాకే, లేదా ఉన్నదాన్ని సరిదిద్దాకే, రూపాన్ని గురించి ఆలోచిస్తుంది. ఈ వరుస తారుమారైతే రెండు రకాల నష్టాలు జరుగుతాయి. తగ్గిపోవలసిన వాపుకు అనవసరంగా కత్తి పడుతుంది, లేదా గుర్తించవలసిన వ్యాధి ఛాతీ చదునయ్యాక కూడా లోపల అలాగే మిగిలిపోతుంది.

ఈ సమస్య కలిగించే బాధను తేలిగ్గా తీసుకోవలసిన అవసరం మాత్రం ఏ కోశానా లేదు. ఈతకు వెళ్లకపోవడం, ఎండాకాలంలో కూడా రెండు బనియన్లు వేసుకోవడం, భుజాలు ముందుకు వంచి నడవడం, పెళ్లి సంబంధం అనగానే వెనకాడడం ఈ సమస్య ఉన్నవారిలో వైద్యులు తరచూ చూసే విషయాలే. ‘మగాడివి, దీనికి కూడా బాధపడతావా’ అనే మాట వల్ల ఆ యువకుడు వైద్యుడి దగ్గరికి వెళ్లడం మరో ఏడాది ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యానికి వైద్యపరంగా ఎంత విలువ ఉందో తర్వాత తెలుస్తుంది.

కొవ్వా, గ్రంథా

పుట్టుకతో ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ చనుమొన కింద కొద్దిపాటి పాలనాళాల వ్యవస్థ ఒకేలా ఉంటుంది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ఆ నాళాలను పెంచుతుంది, టెస్టోస్టెరాన్ వంటి పురుష హార్మోన్లు ఆ పెరుగుదలను అడ్డుకుంటాయి. ఈస్ట్రోజెన్ మగవారి శరీరంలోనూ సహజంగానే తయారవుతుంది. అందులో ఎక్కువ భాగం నేరుగా వృషణాల నుంచి రాదు; కొవ్వులోను, మరికొన్ని కణజాలాల్లోను ఉండే అరోమటేజ్ అనే ఎంజైము పురుష హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ ఈ మార్పిడి కూడా పెరుగుతుంది.

కాబట్టి గ్రంథి పెరగడానికి ఈస్ట్రోజెన్ అమితంగా ఉండాలన్న నియమం లేదు. ఈస్ట్రోజెన్ మామూలుగా ఉండి టెస్టోస్టెరాన్ తగ్గినా పెరుగుతుంది. రెండూ సరిపడా ఉన్నా, ఏదైనా మందు టెస్టోస్టెరాన్ పనిచేసే గ్రాహకాలను, అంటే కణాల్లో ఆ హార్మోన్ అతుక్కునే చోట్లను, అడ్డుకుంటే పెరుగుతుంది. నాలుగో దారి కాస్త సూక్ష్మమైనది: రక్తంలో లైంగిక హార్మోన్లను పట్టి ఉంచే ఒక ప్రొటీన్ ఉంటుంది, అది ఈస్ట్రోజెన్ కంటే టెస్టోస్టెరాన్‌నే గట్టిగా పట్టుకుంటుంది. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు, కాలేయం దెబ్బతిన్నప్పుడు ఆ ప్రొటీన్ పెరిగి, కణాలకు అందే టెస్టోస్టెరాన్ వాటా పడిపోతుంది. రక్తపరీక్షలో మొత్తం టెస్టోస్టెరాన్ అంకె బాగానే ఉందని నిశ్చింతగా ఉండలేకపోవడానికి కారణం ఇదే.

కొవ్వు మాత్రమే చేరి ఛాతీ ఉబ్బినట్టు కనిపిస్తే దాన్ని నిజమైన గైనకోమాస్టియాగా లెక్కించరు. తేడా తెలుసుకోవడానికి వైద్యుడి వేళ్లే తొలి పరికరం. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు తల వెనక పెట్టుకోమని, బొటనవేలిని, చూపుడువేలిని రొమ్ముకు రెండు వైపులా ఆనించి మెల్లగా చనుమొన వైపు దగ్గరకు తెస్తారు. గ్రంథి ఉంటే చనుమొన సరిగ్గా కింద, దాని చుట్టూ సమంగా, బిళ్ల ఆకారంలో, గట్టి రబ్బరులాంటి ముద్ద వేళ్లకు అడ్డం తగులుతుంది. కొత్తగా వచ్చినదైతే నొక్కినప్పుడు నొప్పి కూడా ఉంటుంది. కొవ్వు మాత్రమే అయితే వేళ్లు చనుమొన దాకా వచ్చి కలుసుకుంటాయి, మధ్యలో ఏమీ అడ్డురాదు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. కూర్చుని చేసే ఉద్యోగం, రాత్రి పొద్దుపోయాక తిండి, నడక లేకపోవడం కలిసి బరువు పెంచిన యువకుల్లో మొదట తేల్చవలసింది ఏది ఎంత అన్నదే. కొవ్వు ప్రధానమైతే బరువు తగ్గడంతో ఛాతీ కూడా తగ్గుతుంది. గ్రంథి గట్టిపడి ఉంటే ఎన్ని పుషప్‌లు తీసినా అది కరగదు. పైగా చుట్టూ ఉన్న కొవ్వు పోయాక ఇంకా స్పష్టంగా కనిపించవచ్చు.

వయసుతో వచ్చేది

జీవితంలో మూడు దశల్లో ఈ పెరుగుదల వ్యాధి లేకుండానే వస్తుంది. మొదటిది పుట్టిన కొత్తలో. తల్లి నుంచి మావి ద్వారా వచ్చిన ఈస్ట్రోజెన్ వల్ల ఎక్కువమంది శిశువుల్లో, ఆడ మగ తేడా లేకుండా, రొమ్ములు కాస్త ఉబ్బుతాయి. కొందరిలో పాలలాంటి ద్రవం కూడా వస్తుంది. స్నానం చేయించేటప్పుడు ఆ ద్రవాన్ని పిండి తీసేయాలన్న నమ్మకం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ అక్కడక్కడ ఉంది. పిండితే చర్మం చిట్లి, సూక్ష్మక్రిములు చేరి, చీముగడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఏమీ చేయకపోతే కొద్ది వారాల్లో, ఒక్కోసారి కొద్ది నెలల్లో వాపు దానంతటదే పోతుంది.

రెండోది యుక్తవయసు. 13, 14 ఏళ్ల ప్రాంతంలో సుమారు సగం మంది అబ్బాయిల్లో ఏదో ఒక స్థాయిలో చనుమొన కింద గడ్డలా తగులుతుంది, ఒకవైపే మొదలుకావచ్చు, బట్ట రాసుకున్నా నొప్పి పుట్టవచ్చు. యుక్తవయసు తొలిదశలో టెస్టోస్టెరాన్ పెద్దల స్థాయికి చేరేలోపే ఈస్ట్రోజెన్ ప్రభావం ముందుకొస్తుంది. టెస్టోస్టెరాన్ అందుకున్నాక వాపు దిగిపోతుంది. సాధారణంగా ఇది ఆరు నెలల నుంచి రెండేళ్లలో తగ్గుతుంది, 17 ఏళ్లు దాటాక మిగిలేది కొద్దిమందిలోనే. తల్లిదండ్రులు ఇక్కడ చేయగలిగిన పెద్ద సాయం ఒకటుంది: ఇది మామూలేనని పిల్లవాడికి ముందే చెప్పడం. పదో తరగతి చదివే పిల్లవాడు ఆటల పీరియడ్‌ను తప్పించుకుంటుంటే దాని వెనక ఇది ఉండవచ్చని చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు. యుక్తవయసు లక్షణాలు ఇంకా మొదలుకాని చిన్న పిల్లవాడిలో రొమ్ము పెరిగితే మాత్రం దాన్ని మామూలుగా తీసుకోకూడదు, వెంటనే పిల్లల వైద్యుడికి చూపించాలి.

మూడోది 50 ఏళ్లు దాటాక. వయసుతో టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, కొవ్వు పెరిగి అరోమటేజ్ పని ఎక్కువవుతుంది, దాంతోపాటు మందులు కూడా పెరుగుతాయి.

మందుల షాపు నుంచి వచ్చే కారణం

పాశ్చాత్య వైద్య సాహిత్యంలో తరచూ ఉదహరించే ఒక అంచనా ప్రకారం, ఈ సమస్యతో వైద్యుల దగ్గరికి వచ్చిన మగవారిలో సుమారు నాలుగోవంతు మందికి కారణం దొరకదు, మరో నాలుగోవంతుది యుక్తవయసులో వచ్చి తగ్గకుండా నిలిచిపోయినది, 10 నుంచి 25 శాతం మందిలో మందులే కారణం. ఆపితే తగ్గే కారణం కనుక అన్నింటికంటే ముందు వెతకవలసింది దీన్నే.

గుండె వైఫల్యానికి, కాలేయ వ్యాధిలో పొట్టకు నీరు చేరినప్పుడు వాడే స్పైరనోలాక్టోన్ ఇందులో బాగా తెలిసిన ఉదాహరణ. ఇది టెస్టోస్టెరాన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. 1999లో వెలువడిన రేల్స్ అనే గుండె వైఫల్య అధ్యయనంలో ఈ మందు వాడిన మగవారిలో 10 శాతం మందికి రొమ్ములు పెరగడమో, అక్కడ నొప్పి రావడమో జరిగింది. పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 1 శాతం. అదే కుటుంబానికి చెందిన ఎప్లెరినోన్‌తో ఈ సమస్య చాలా తక్కువ. అంటే మందు ఆపలేని రోగికి కూడా మార్చే వీలు తరచూ ఉంటుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఒంటరిగా వాడే బైకాలుటమైడ్ వల్ల సగానికి పైగా రోగుల్లో ఇది వస్తుంది. జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్ వల్ల తక్కువ మందిలోనే వచ్చినా, పాతికేళ్లకే బట్టతల భయంతో దాన్ని నెలల తరబడి మింగేవారు పెరిగినందువల్ల వైద్యుడు ఆ మాట అడగక తప్పదు. కీటోకోనజోల్ మాత్రలు, క్షయకు వాడే ఐసోనియాజిడ్, హెచ్ఐవీకి వాడే ఎఫావిరెంజ్, మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్ కూడా జాబితాలో ఉన్నాయి. క్షయ, హెచ్ఐవీ, మానసిక వ్యాధుల మందులను రోగి తనంతట తాను ఆపితే జరిగే హాని ఛాతీ వాపుకంటే ఎన్నో రెట్లు పెద్దది, మార్చవలసింది వైద్యుడే.

వీటన్నింటికంటే బెంగళూరు జీవితానికి దగ్గరగా ఉన్నది గ్యాస్ మాత్ర. సమయం తప్పిన భోజనం, హోటల్ కూర, రాత్రి షిఫ్టు వల్ల కడుపుబ్బరం వస్తే మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్యాప్సూళ్లలో చాలావాటిలో పాంటాప్రజోల్ లేదా రాబెప్రజోల్‌తోపాటు మరో మందు కలిసి ఉంటుంది. స్ట్రిప్ మీద పేరు చివర ‘డీఎస్ఆర్’ అని ఉంటే అది డోంపెరిడోన్. ‘ఎల్’ అని ఉన్న చాలా బ్రాండ్లలో అది లెవోసల్పిరైడ్. ఈ రెండూ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ ఎక్కువగా విడుదలయ్యేలా చేస్తాయి. ప్రొలాక్టిన్ పెరిగితే వృషణాలకు వెళ్లే సంకేతాలు మందగించి టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, అక్కడి నుంచి రొమ్ము వాపు దాకా దారి తెరుచుకుంటుంది. కొందరిలో కోరిక తగ్గడం, అరుదుగా చనుమొన నుంచి ద్రవం రావడం కూడా ఉంటాయి. నాలుగు రోజులు వాడమని రాసిన చీటీతో నెలల తరబడి అదే క్యాప్సూల్ పరగడుపున వేసుకునేవారు, ‘మీరు ఏ మందులు వాడుతున్నారు’ అని వైద్యుడు అడిగితే ‘ఏమీ లేవు’ అంటారు. గ్యాస్ మాత్ర వారి లెక్కలో మందు కాదు. అందువల్ల మాటగా చెప్పడం కంటే గత ఆరు నెలల్లో వాడిన ప్రతి స్ట్రిప్‌ను, ప్రొటీన్ డబ్బాను, మూలికల పొడిని వైద్యుడి బల్ల మీద పెట్టడమే నమ్మదగిన పద్ధతి.

జిమ్‌లో ‘గైనో’

కండలు త్వరగా రావాలని ఇంజెక్షన్ రూపంలో తీసుకునే టెస్టోస్టెరాన్, నాండ్రోలోన్, మాత్రల రూపంలో దొరికే డయానాబోల్ వంటి అనబాలిక్ స్టెరాయిడ్లు పురుష హార్మోన్లే కదా, వాటితో రొమ్ములు ఎలా పెరుగుతాయన్న సందేహం సహజం. అవసరానికి మించి చేరిన టెస్టోస్టెరాన్‌ను అరోమటేజ్ ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. బయటి నుంచి హార్మోన్ వస్తోంది కనుక మెదడు వృషణాలకు పని ఆపమంటుంది. కోర్సు ముగించాక బయటి సరఫరా ఆగుతుంది, సొంత ఉత్పత్తి కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఆ మధ్యకాలంలో ఈస్ట్రోజెన్‌దే పైచేయి. జిమ్‌లలో ‘గైనో’ అని పిలుచుకునే వాపు తరచూ ఈ సందులోనే మొదలవుతుంది. దానికి విరుగుడుగా ట్రైనర్లు చెప్పే టామోక్సిఫెన్, లెట్రోజోల్ రెండూ క్యాన్సర్ చికిత్సలో వాడే మందులు. పరీక్షలు లేకుండా వాటిని వేసుకోవడం వల్ల అసలు లోపం ఎక్కడుందో తర్వాత తెలుసుకోవడం కూడా కష్టమవుతుంది.

మామూలు వే ప్రొటీన్‌లో ఇలాంటి హార్మోన్ గుణం లేదు. లేబుల్ మీద చెప్పని స్టెరాయిడ్ కలిపిన సరుకు వేరే సంగతి.

లోపలి వ్యాధులు

కాలేయం గట్టిపడిపోయే సిర్రోసిస్ వీటిలో ముందు వరసలో ఉంటుంది. దీర్ఘకాలం మద్యం తాగడం వల్ల వృషణాలు నేరుగా దెబ్బతింటాయి, కాలేయం హార్మోన్లను సంభాళించే తీరు మారుతుంది, పొట్ట నీటికి ఇచ్చే స్పైరనోలాక్టోన్ దానికి తోడవుతుంది. పైన చెప్పిన అంచనాలో సిర్రోసిస్ వాటా 8 శాతం, వృషణాలే తగినంత హార్మోన్ ఇవ్వలేకపోవడం వాటా మరో 8 శాతం. థైరాయిడ్ అతిగా పనిచేయడం సుమారు 1.5 శాతం, దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి 1 శాతం. మన దేశంలో కుష్ఠు వ్యాధిని కూడా మరచిపోకూడదు. దాని తీవ్రమైన రూపంలో వృషణాలు కుంచించుకుపోయి రొమ్ములు పెరగడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. ఆకలితో చిక్కిపోయిన శరీరానికి మళ్లీ తిండి అందినప్పుడు కూడా ఇది వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత శిబిరాల నుంచి విడుదలైన ఖైదీల్లో దీన్ని గమనించారు. ఆగిపోయిన హార్మోన్ వ్యవస్థ మళ్లీ మొదలవడం రెండో యుక్తవయసులా పనిచేసింది. డయాలసిస్ మొదలుపెట్టాక కొందరు రోగుల్లో కనిపించే వాపును కూడా ఇదే తీరుగా వివరిస్తారు.

వృషణ కణితుల వాటా 3 శాతమే. అయినా ప్రతి గైనకోమాస్టియా రోగికీ వృషణాలను పరీక్షించాలని వైద్య పాఠాలు పట్టుబట్టేది ఈ 3 శాతం కోసమే. కొన్ని కణితులు నేరుగా ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి, మరికొన్ని గర్భిణుల్లో కనిపించే హెచ్‌సీజీ హార్మోన్‌ను విడుదల చేసి వృషణాల చేత ఈస్ట్రోజెన్ తయారు చేయిస్తాయి. ఇవి యువకుల్లోనే ఎక్కువ, త్వరగా పట్టుకుంటే చాలావరకు పూర్తిగా నయమవుతాయి. ఛాతీ ఫోటో పంపితే ఆన్‌లైన్‌లోనే ఆపరేషన్ తేదీ ఇచ్చే పద్ధతిలో ఈ పరీక్షకు చోటే ఉండదు. ఇది చిన్న లోపం కాదు.

క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ మరొకటి. మగవారిలో ఉండవలసిన ఎక్స్, వై క్రోమోజోములకు అదనంగా ఇంకో ఎక్స్ ఉండే ఈ స్థితిని 1942లో వర్ణించారు. పొడగరి దేహం, చిన్నగా గట్టిగా ఉండే వృషణాలు, పలుచని గడ్డం దీని గుర్తులు. పెళ్లయి పిల్లలు కలగక సంతాన కేంద్రానికి వెళ్లినప్పుడు మాత్రమే ఇది బయటపడడం మామూలు. పదహారేళ్లప్పుడు రొమ్ము వాపు చూసినవారు వృషణాలు కూడా చూసి ఉంటే అప్పుడే తెలిసేది, టెస్టోస్టెరాన్ చికిత్స అప్పుడే మొదలయ్యేది.

క్యాన్సర్ భయం

రొమ్ము క్యాన్సర్లన్నింటిలో మగవారివి సుమారు 1 శాతం. సాధారణ గైనకోమాస్టియా క్యాన్సర్‌గా మారదు. క్లైన్‌ఫెల్టర్ ఉన్నవారిలో, బీఆర్‌సీఏ2 జన్యు మార్పు ఉన్న కుటుంబాల్లో ముప్పు మిగతావారికంటే ఎక్కువ. గడ్డ చనుమొన మధ్యలో కాకుండా పక్కకు ఉండడం, రాయిలా గట్టిగా ఉండి కదలకపోవడం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, రక్తం కలిసిన ద్రవం, చర్మం ముడుచుకోవడం లేదా పుండు పడడం, చంకలో గడ్డలు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, ముఖ్యంగా 50 దాటిన వయసులో, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) లేదా అల్ట్రాసౌండ్, సూదితో ముక్క తీసి చేసే బయాప్సీ అవసరమవుతాయి. మగవారికి రొమ్ము క్యాన్సర్ రాదన్న నమ్మకం వల్ల ఆలస్యంగా వచ్చేవారే ఎక్కువ. హిందూపురం, అనంతపురం, మదనపల్లె నుంచి వచ్చేవారికి హోసూరు రోడ్డులోని కిద్వాయి మెమోరియల్ ఆంకాలజీ సంస్థ ప్రభుత్వ రంగంలో అందుబాటులో ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి.

బ్రాయిలర్ కోడి, సోయా

బ్రాయిలర్ కోళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారని, వాటిని తిన్న మగపిల్లలకు రొమ్ములు వస్తాయని తెలుగు ఇళ్లలో గట్టి నమ్మకం ఉంది. బ్రాయిలర్ కోడి ఆరు వారాల్లో ఎదగడానికి కారణం దశాబ్దాల పాటు సాగిన వంగడాల ఎంపిక, లెక్కగా ఇచ్చే దాణా. వేల కోళ్లున్న షెడ్డులో ఒక్కోదానికి పదేపదే సూది వేయడం ఏ రైతుకూ గిట్టుబాటు కాదు. కోడిమాంసం మానేసినందువల్ల గైనకోమాస్టియా తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ఆ నమ్మకం వల్ల జరిగే అసలు హాని ఏమిటంటే, ఇంట్లో కోడికూర ఆపి కారణం దొరికిందని అనుకోవడం, అసలు కారణాన్ని వెతకకపోవడం. అతిగా వేపుళ్లు, బిర్యానీ తిని బరువు పెరిగితే కొవ్వు పెరుగుతుంది. అక్కడ దోషం హార్మోన్ సూదిది కాదు, తిన్న పరిమాణానిది.

సోయా విషయంలో కాస్త ఆధారం ఉంది, కానీ అది పరిమాణం మీద ఆధారపడినది. రోజుకు దాదాపు మూడు లీటర్ల సోయాపాలు తాగిన ఒక పెద్దాయనలో రొమ్ములు పెరిగి, మానేశాక తగ్గిన ఉదంతం 2008లో వైద్య పత్రికలో వచ్చింది. వారానికి రెండుసార్లు మీల్‌మేకర్ కూర తినేవారికి ఇది వర్తించదు. లావెండర్, టీట్రీ నూనెల వాడకంతో ముగ్గురు అబ్బాయిల్లో వాపు వచ్చిందని 2007లో ఒక నివేదిక వెలువడింది. దాని మీద ఇప్పటికీ భిన్నాభిప్రాయాలున్నాయి.

మొదటి ఏడాది విలువ

వాపు మొదలైన తొలి నెలల్లో గ్రంథిలో నాళాలు చురుగ్గా చీలుతూ, చుట్టూ ఉన్న కణజాలం నీరు పట్టి మెత్తగా ఉంటుంది. నొప్పి ఉండేది ఈ దశలోనే. కారణం తొలగిస్తే ఇప్పుడు వెనక్కి మళ్లుతుంది, మందులు పనిచేసేదీ ఇప్పుడే. ఆరు నెలలు దాటి ఏడాది అయ్యేసరికి ఆ చోట పీచు కణజాలం అల్లుకుని, నాళాలు చుట్టూ గట్టిపడిన గోడల మధ్య ఉండిపోతాయి. నొప్పి తగ్గుతుంది, అందువల్ల నయమవుతోందని అనిపిస్తుంది. నిజానికి వాపు స్థిరపడుతోంది. ఆ తర్వాత హార్మోన్లు సర్దుకున్నా, మందు ఆపినా గడ్డ పెద్దగా కరగదు.

అందుకే నొప్పితో కొత్తగా వచ్చిన గడ్డను వైద్యులు త్వరగా చూడాలనుకుంటారు. పరీక్ష, మందుల చరిత్ర ముగిశాక కారణం స్పష్టం కాకపోతే కాలేయం, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు, ఉదయం పూట తీసిన రక్తంలో టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్ (వృషణాలకు సంకేతమిచ్చే పిట్యూటరీ హార్మోన్), ఈస్ట్రడయాల్ (ప్రధాన ఈస్ట్రోజెన్), ప్రొలాక్టిన్, హెచ్‌సీజీ చూస్తారు. అవసరమైతే వృషణాల స్కానింగ్ చేయిస్తారు. యుక్తవయసులో ఉన్న ఆరోగ్యవంతుడైన అబ్బాయికి ఇవన్నీ అక్కర్లేదు, ఆరేసి నెలలకు ఒకసారి చూడడమే సరిపోతుంది. నొప్పి, పరిమాణం ఎక్కువగా ఉన్న తొలి దశలో కొందరు ఎండోక్రైనాలజిస్టులు (హార్మోన్ వ్యాధుల నిపుణులు) టామోక్సిఫెన్‌ను కొన్ని నెలలు ఇస్తారు. ఈ జబ్బుకని ప్రత్యేకంగా అనుమతి పొందిన మందు కాకపోయినా దానితో నొప్పి, వాపు తగ్గినట్టు పరిశీలనలు చెబుతున్నాయి. అరోమటేజ్‌ను అడ్డుకునే అనస్ట్రోజోల్ అనే మందు మీద యుక్తవయసు అబ్బాయిల్లో జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో మాత్రం ఉత్తుత్తి మాత్రకంటే మెరుగు కనిపించలేదు.

ఆపరేషన్ ఎవరికి, ఎలా

ఏడాది దాటి స్థిరపడిన గ్రంథికి, బరువు తగ్గినా మిగిలిన ఉబ్బుకు, రోగి దానితో బాధపడుతుంటే, ఆపరేషన్ సరైన చికిత్సే. దీని చరిత్ర పాతది. ఏడో శతాబ్దపు బైజాంటియన్ వైద్యుడు పాల్ ఆఫ్ ఈజినా దీన్ని వర్ణించాడు. చనుమొన చుట్టూ ఉన్న ముదురు రంగు వలయం అంచున అర్ధచంద్రాకారంలో కోసే పద్ధతిని 1946లో వెబ్‌స్టర్ అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చాడు, ఇప్పటికీ అదే ఆధారం. కొవ్వును లైపోసక్షన్ గొట్టంతో లాగి, గట్టి గ్రంథిని ఈ కోత గుండా తీస్తారు. లైపోసక్షన్ ఒక్కటే చేస్తే గట్టి గ్రంథి చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. మొత్తం గ్రంథిని గీకి తీసేస్తే చనుమొన గుంటపడుతుంది, అందుకే దాని కింద ఒక పలుచని పొర వదులుతారు. ఎంత తీయాలి, ఎంత వదలాలి అన్నది చేయి తిరిగిన సర్జన్‌కు మాత్రమే తెలిసే విషయం. వాపు పరిమాణాన్ని, చర్మం జారడాన్ని బట్టి 1973లో సైమన్ చేసిన వర్గీకరణ ప్రకారం చర్మం బాగా జారిన చివరి దశలో అదనపు చర్మం కూడా తీయాలి, మచ్చ అంతమేరకు పెరుగుతుంది. ‘మచ్చ కనపడదు’ అన్న హామీ ఆ దశ రోగికి నిజం కాదు.

ఆపరేషన్ తర్వాత ఎక్కువగా వచ్చే ఇబ్బంది కోసిన చోట లోపల రక్తం చేరి గడ్డకట్టడం. నీరు చేరడం, రెండు వైపులా తేడా రావడం, చనుమొన దగ్గర స్పర్శ మందగించడం కూడా ఉంటాయి. బిగుతు బనియన్ సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి. అదే రోజు ఇంటికి పంపడం సాధ్యమే, కానీ ఆ రాత్రి ఛాతీ ఒకవైపు హఠాత్తుగా ఉబ్బి నొప్పి పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలో రోగి దగ్గర రాసి ఉండాలి. పీజీలో ఒంటరిగా ఉండేవారు ఊరి నుంచి ఎవరినైనా రప్పించుకోవడం, లేదా ఆ ఒక్క రాత్రి ఆసుపత్రిలోనే ఉండడం మేలు.

బెంగళూరులో ఎవరి దగ్గరికి, ఏ ఖర్చుతో

మొదటి సందర్శన జనరల్ ఫిజీషియన్ లేదా ఎండోక్రైనాలజిస్టు దగ్గర జరగడం సరైన వరుస. బెంగళూరు మెడికల్ కాలేజీకి అనుబంధమైన విక్టోరియా ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థల్లో ఈ పరీక్షలు ప్రైవేటు ఖర్చులో కొద్ది భాగానికే జరుగుతాయి. వేచి ఉండే సమయం ఎక్కువ. ఆపరేషన్ దాకా వస్తే సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే ప్రత్యేక పట్టా ఉందా, ఆసుపత్రి 2007 నాటి కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద నమోదై ఉందా అని అడగడం రోగి హక్కు. మధ్యవర్తి యాప్‌ల ద్వారా వెళ్లేవారు, కోసే సర్జన్‌ను డబ్బు కట్టకముందే కలవాలని పట్టుబట్టాలి.

బీమా గురించిన గందరగోళం ఐటీ ఉద్యోగుల్లో ఎక్కువ. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపుల్లో, అంటే బీమా వర్తించని చికిత్సల జాబితాలో, ఎనిమిదోది రూపాన్ని మార్చే కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి సంబంధించినది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి, లేదా తక్షణ ఆరోగ్య ముప్పును తొలగించడానికి అవసరమని చికిత్స చేసే వైద్యుడు ధ్రువీకరించిన సందర్భానికి మాత్రమే బీమా వర్తించే వీలుంది. సాధారణ గైనకోమాస్టియా ఆపరేషన్‌కు క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యేది ఈ నిబంధన కిందే. కంపెనీ గ్రూపు పాలసీల్లో షరతులు వేరుగా ఉండవచ్చు కాబట్టి ముందస్తు అనుమతి రాతపూర్వకంగా వచ్చాకే తేదీ ఖాయం చేసుకోవాలి. ‘బీమా మేం చూసుకుంటాం’ అన్న నోటిమాటకు విలువ లేదు. క్లెయిమ్ దక్కడం కోసం రికార్డులో వేరే జబ్బు పేరు రాయించుకోవడం మోసం కిందికి వస్తుంది, తర్వాత పాలసీయే రద్దయ్యే పరిస్థితి తెస్తుంది.

తీసిన కణజాలాన్ని పాథాలజీ పరీక్షకు పంపారా అన్నది బిల్లులో చూసుకోవలసిన మరో పద్దు. ప్యాకేజీ ధర తగ్గించడానికి కొన్నిచోట్ల దీన్ని వదిలేస్తారు. లోపల అనుమానించదగినదేమీ లేదని రాతపూర్వకంగా తెలిపేది ఆ నివేదికే. దాని ప్రతిని రోగి తన దగ్గరే భద్రపరచుకోవాలి.